9.8 కోసం వెనక నుంచి లెక్క కట్టొద్దు

సంపాదకులు గారికి నమస్కారం.

భౌతికశాస్త్రంలో పరిశోధన నివేదిక రాయబోయే పిల్లలకు ఏటా వినిపించే సలహాలు రెండే. ఒకటి, అట్ట బాగుండాలి. రెండు, సమాధానం పుస్తకంలోని విలువకు దగ్గరగా రావాలి. మొదటి సలహాతో నష్టమేమీ లేదు, రెండోదే కొంప ముంచుతోంది. గురుత్వ త్వరణం 9.8 అని ముందే తెలిసిన విద్యార్థి అక్కడి నుంచి వెనక్కి లెక్క కట్టుకుంటూ వచ్చి, స్టాప్‌వాచ్ ఎంత చూపించి ఉండాలో తానే రాసేస్తున్నాడు. పట్టిక చూడముచ్చటగా ఉంటుంది కానీ, దిద్దే కంటికి ఇట్టే దొరికిపోతుంది: లోలకం 20 ఊపుల కాలాన్ని మూడుసార్లు కొలిస్తే మూడుసార్లూ 35.88 సెకన్లు! చేత్తో నొక్కే స్టాప్‌వాచ్ మీద సెకనులో వందో వంతు దాకా ఒకే అంకె వరసగా మూడుసార్లు పడిందంటే ఎవరు నమ్ముతారు? మనిషి కంటితో చూసి వేలితో నొక్కడానికి సుమారు 0.2 సెకన్లు పడుతుంది. ఆ ఆలస్యమూ ప్రతిసారీ ఒకేలా ఉండదు.

నివేదిక అంటే ఒక అంకె చెప్పి, దాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా చెప్పే పత్రం. మార్కులు ఎక్కువగా ఆ రెండో భాగంలోనే ఉంటాయి, పిల్లలు ఎక్కువగా వదిలేసేదీ దాన్నే. అందరికీ తెలిసిన లఘులోలకాన్నే, అంటే దారానికి వేలాడుతూ ఊగే గుండునే తీసుకుని ఈ సంగతి వివరంగా చెబుతాం.

ముందు ప్రశ్న. ‘లఘులోలకం అధ్యయనం’ అనేది శీర్షికకు సరిపోతుంది గానీ ప్రశ్నకు సరిపోదు. ‘లోలకం పొడవును 20 నుంచి 120 సెంటీమీటర్ల వరకు మారిస్తే డోలన కాలం ఎలా మారుతుంది, ఆ మార్పు నుంచి గురుత్వ త్వరణం ఎంత వస్తుంది?’ అంటే అది ప్రశ్న. (గుండు ఒకసారి అటూ ఇటూ ఊగి రావడం ఒక డోలనం, దానికి పట్టే సమయం డోలన కాలం.) ఏది మారుస్తున్నాం, ఏది కొలుస్తున్నాం, ఎక్కడి నుంచి ఎక్కడిదాకా అన్న మూడూ అందులో ఉన్నాయి. ఆ తర్వాత మార్చకుండా ఉంచినవి రాయాలి: అదే గుండు, అదే దారం, అదే కంపన పరిమితి (గుండు మధ్య నుంచి ఎంత పక్కకు ఊగుతుందన్నది). ‘స్థిరంగా ఉంచాం’ అని ఊరుకుంటే చాలదు, ఎలా ఉంచారో చెప్పాలి.

ఇక్కడే చాలామంది బోర్లా పడతారు. కంపన పరిమితి స్థిరం అనుకుని అన్ని పొడవులకూ గుండును 10 సెంటీమీటర్లు పక్కకు లాగి వదులుతారు. మీటరు పొడవున్న లోలకానికి 10 సెంటీమీటర్లంటే 6 డిగ్రీలు కూడా కాదు. 20 సెంటీమీటర్ల లోలకానికి అదే 10 సెంటీమీటర్లు అక్షరాలా 30 డిగ్రీలు. పుస్తకంలోని సూత్రం చిన్న కోణాలకే వర్తిస్తుంది. 10 డిగ్రీల దగ్గర అసలు డోలన కాలం సూత్రం చెప్పిన దానికన్నా 0.2 శాతమే ఎక్కువ, 30 డిగ్రీల దగ్గర 1.7 శాతం ఎక్కువ. డోలన కాలాన్ని వర్గం చేస్తాం కాబట్టి ఆ ఒక్క బిందువు దగ్గర గురుత్వ త్వరణం 3 శాతానికి పైగా తగ్గిపోతుంది. స్థిరంగా ఉండాల్సింది కోణం. పొడవు మారినప్పుడల్లా లాగే దూరమూ మారాలి: 10 డిగ్రీలకు మీటరు లోలకాన్ని సుమారు 17 సెంటీమీటర్లు, 40 సెంటీమీటర్ల లోలకాన్ని సుమారు 7 సెంటీమీటర్లు లాగాలి. ఈ రెండు అంకెలు నివేదికలో కనిపిస్తే చాలు, ప్రయోగం నిజంగానే చేశారని తెలిసిపోతుంది.

ఇక పరికరాలు. సాగని సన్నటి దారం, 2 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న లోహపు గుండు, బరువైన అడుగున్న స్టాండు తీసుకోవాలి. స్టాండు తేలికైతే లోలకంతో పాటు తానూ ఊగుతుంది. దారాన్ని కడ్డీకి చుట్టి ముడి వేయడం అందరూ చేసే పొరపాటు. ఊగేటప్పుడు దారం ఒకవైపు కడ్డీకి చుట్టుకుంటుంది, రెండోవైపు విప్పుకుంటుంది, అంటే పొడవు ప్రతి ఊపులోనూ మారుతోందన్నమాట. బెండు బిరడాను నిలువునా రెండుగా కోసి, మధ్యలో దారం పెట్టి క్లాంపుతో బిగిస్తే దారం ఎక్కడి నుంచి ఊగుతోందో ఖచ్చితంగా తెలుస్తుంది. పొడవు కొలవాల్సింది గుండు వేలాడదీశాకే, బల్ల మీద పరిచి కాదు. బిరడా కింది అంచు నుంచి గుండు పైభాగం దాకా స్కేలుతో కొలిచి, వెర్నియర్ కాలిపర్స్‌తో చూసిన వ్యాసంలో సగం దానికి కలపాలి.

కాలం కొలిచేటప్పుడు గుండు అటు చివరకు వెళ్లి ఆగినప్పుడు గడియారం నొక్కడమే తేలికనిపిస్తుంది. నిజానికి అది అన్నిటికన్నా చెడ్డ చోటు. చివర్లో గుండు నింపాదిగా తిరుగుతుంది, ఏ క్షణాన తిరిగిందో కంటికి తెలియదు. మధ్యలో వేగం గరిష్ఠం, అక్కడ నిలబెట్టిన గుర్తును అది చటుక్కున దాటేస్తుంది. కాబట్టి లోలకం కదలకుండా వేలాడే చోట, దారం వెనకగా ఒక సూదిని నిలబెట్టి, గుండు ఒకే దిశలో దాన్ని దాటినప్పుడల్లా లెక్కపెట్టాలి. గుండును తోయకూడదు, లాగి వదలాలి. తోస్తే అది తిన్నగా ఊగకుండా కోడిగుడ్డు ఆకారంలో తిరుగుతుంది. మొదటి రెండు మూడు ఊపులు వదిలేయాలి. ఆ తర్వాత ‘మూడు, రెండు, ఒకటి, సున్నా’ అని వెనక్కి లెక్కిస్తూ ‘సున్నా’ దగ్గర గడియారం నొక్కాలి. ఈ ‘సున్నా’ చాదస్తం కాదు. ‘ఒకటి’ అంటూ గడియారం నొక్కి ‘ఇరవై’ దగ్గర ఆపితే మధ్యలో జరిగింది 19 డోలనాలే. 20తో భాగిస్తే డోలన కాలం 5 శాతం తగ్గుతుంది, గురుత్వ త్వరణం 9.8 బదులు 10.9 దగ్గర తేలుతుంది. పొరపాటున 21 లెక్కపెడితే 8.9 వస్తుంది. ఎవరి నివేదికలోనైనా ఈ రెండు అంకెల్లో ఒకటి కనిపిస్తే ముందు లెక్కింపును అనుమానించడం మంచిది.

ఇప్పుడు ఒక పొడవును దగ్గరగా చూద్దాం. లోలకం పొడవు 80.0 సెంటీమీటర్లు. స్కేలు చదవడంలోనూ, గుండు మధ్యభాగాన్ని గుర్తించడంలోనూ కలిపి 0.2 సెంటీమీటర్లు అటూఇటూ అవుతుందనుకుందాం. 20 డోలనాలకు మూడుసార్లు వచ్చిన కాలాలు 35.84, 36.01, 35.79 సెకన్లు. సగటు 35.88. పెద్దదానికీ చిన్నదానికీ తేడా 0.22, అందులో సగం 0.11. అంటే 20 డోలనాల కాలం 35.88 ± 0.11 సెకన్లు. రెంటినీ 20తో భాగిస్తే డోలన కాలం 1.794 ± 0.006 సెకన్లు.

శాతాల్లో చెప్పాలంటే కాలంలో అనిశ్చితి, అంటే విలువ అటూఇటూ కాగల మేర, 0.31 శాతం, పొడవులో 0.25 శాతం. గురుత్వ త్వరణానికి సూత్రం: 4π²ను పొడవుతో గుణించి డోలన కాలం వర్గంతో భాగించాలి. వర్గం ఉన్నచోట శాతం రెట్టింపు అవుతుంది కాబట్టి కాలం వంతు 0.61. దానికి పొడవు వంతు 0.25 కలిపితే మొత్తం 0.86 శాతం. విలువ 9.81 వచ్చింది, అందులో 0.86 శాతం అంటే 0.08. కాబట్టి సమాధానం 9.81 ± 0.08 మీటర్లు ప్రతి సెకను వర్గానికి.

ఈ ఆరేడు వాక్యాల లెక్క విద్యార్థికి చాలా సంగతులు చెబుతుంది. ఒక్క డోలనాన్నే కొలిచి ఉంటే అదే 0.11 సెకన్ల తేడా 1.79 సెకన్ల మీద పడేది, అంటే 6 శాతం. గురుత్వ త్వరణంలో 12 శాతం. 8.6కీ 11కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చని చెప్పాల్సి వచ్చేది. 20 డోలనాలు ఎందుకు కొలవాలో ‘ఖచ్చితత్వం కోసం’ అన్న ఊకదంపుడు మాటతో కాకుండా ఈ అంకెలతో చెప్పాలి. మరి 200 డోలనాలు కొలిస్తే? 50 డోలనాల దగ్గరే కాలం వంతు 0.25 శాతానికి దిగి పొడవు వంతుతో సమానమవుతుంది. అక్కడి నుంచి గడియారంతో ఎంత కుస్తీ పట్టినా పొడవు వంతు అలాగే మిగులుతుంది, కాబట్టి స్కేలు సంగతి చూడాలి. పైగా లెక్క తప్పే ప్రమాదం పెరుగుతుంది, కంపన పరిమితి తగ్గిపోతూ ఉంటుంది. ఎక్కడ ఆగాలో తెలియడం కూడా ప్రయోగంలో భాగమే.

కాలిక్యులేటరు 9.8134527 చూపించిందని అదంతా దించేయడం అలవాటుగా మారింది. అనిశ్చితి 0.08 అయినప్పుడు రెండో దశాంశ స్థానమే వణుకుతోంది, ఆ తర్వాతి అంకెలకు అర్థమేముంది? అలాగే 80 సెంటీమీటర్లు అని రాయడానికీ 80.0 అని రాయడానికీ తేడా ఉంది. మిల్లీమీటర్ల దాకా చూశామని ఆ సున్నా సాక్ష్యం చెబుతోంది. పట్టికలో ఒకచోట 80, ఇంకోచోట 60.5, మరోచోట 40.25 అని ఉంటే ఒకే స్కేలు వాడలేదేమోనన్న అనుమానం వస్తుంది.

కొలతలను నేరుగా పెన్నుతోనే రాయాలి. తప్పు అనిపించినదాన్ని ఒక గీతతో కొట్టేసి, ఎందుకు కొట్టేశారో పక్కనే రాయాలి: ‘లెక్క తప్పాం’, ‘గుండు సూదికి తగిలింది’ అని. కారణం లేకుండా, వరసకు కుదరలేదని మాత్రమే తీసేస్తే అది కొలతను వడకట్టడం. పొడవులు ఆరుకు తగ్గకూడదు. అవన్నీ 70, 75, 80 అని ఒకచోట గుమిగూడకుండా మొత్తం వ్యాప్తి మీద పరచుకుని ఉండాలి.

తర్వాత గ్రాఫు. పొడవు అడ్డంగా, డోలన కాలం వర్గం నిలువుగా తీసుకుంటే సరళరేఖ వస్తుంది. దాని వాలు మీటరుకు 4.03 సెకను వర్గాల దగ్గర ఉంటుంది. బిందువులను ఒకదాని తర్వాత ఒకటి కలుపుతూ గీసే గీత గ్రాఫు కాదు, అది కొండల బొమ్మ. బిందువుల మధ్యగా, పైన ఎన్నో కింద అన్ని ఉండేట్టు ఒకే ఒక్క సరళరేఖ గీయాలి. స్కేలుకు ఒక గడి అంటే 3 లేదా 7 తీసుకున్నవాళ్లు బిందువులు పెట్టేటప్పుడు తప్పకుండా తప్పు చేస్తారు. 1, 2, 5 లేదా వాటి పదుల రెట్లు తీసుకోవాలి. వాలు కోసం రేఖ మీద దూరదూరంగా ఉన్న రెండు చోట్లు ఎంచుకోవాలి, పట్టికలోని బిందువులు కాదు. పట్టిక బిందువులతోనే వాలు కడితే ఇక రేఖ గీసిన ప్రయోజనమేముంది?

అదే గ్రాఫు మీద బిందువులకు అనిశ్చితి గీతలు పెట్టి, వాటిలోంచి పోగల అతి నిటారు రేఖనూ, అతి వాలిన రేఖనూ గీయాలి. ఉదాహరణకు మంచి రేఖ వాలు 4.03, మిగతా రెండింటివి 4.06, 4.00 అయితే గురుత్వ త్వరణం వరసగా 9.80, 9.72, 9.87. అంటే 9.80 ± 0.07. కంప్యూటర్‌లో గ్రాఫు గీసేవాళ్లు ‘ఆర్ స్క్వేర్ 0.999 వచ్చింది కాబట్టి ప్రయోగం ఖచ్చితం’ అని రాస్తున్నారు. ఆ సంఖ్య బిందువులు సరళరేఖకు ఎంత దగ్గరగా ఉన్నాయో మాత్రమే చెబుతుంది. స్కేలే తప్పయితే బిందువులన్నీ కలిసికట్టుగా తప్పు రేఖ మీదే కూర్చుంటాయి.

రేఖను మూలబిందువు గుండా బలవంతంగా లాగడం ఇంకో దురలవాటు. అది మూలబిందువు గుండా పోకపోతే అక్కడ ఏదో సమాచారం ఉంది. గుండు వ్యాసార్థం 1 సెంటీమీటరు అనుకుందాం. దాన్ని కలపడం మరిచిపోయి దారం పొడవే రాసుకున్నారు. అప్పుడు ఒక్కో పొడవుకూ విడిగా లెక్క కడితే 20 సెంటీమీటర్ల దగ్గర 9.34, 100 సెంటీమీటర్ల దగ్గర 9.71 వస్తాయి. పొడవు పెరిగేకొద్దీ విలువ పెరుగుతూ పోతోంది. యాదృచ్ఛిక దోషం ఇలా వరసలో నడవదు, ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చూపిస్తుంది. వరసగా ఒకేవైపు పోతోందంటే క్రమ దోషం, అంటే ప్రతి కొలతనూ ఒకేవైపుకు నెట్టే దోషం ఉన్నట్టే. గ్రాఫులో ఇదే సంగతి ఇంకా అందంగా బయటపడుతుంది: వాలు మారదు, రేఖ మొత్తం జరిగి, పొడవు అక్షాన్ని సున్నాకు ఎడమవైపు 1 సెంటీమీటరు దగ్గర ఖండిస్తుంది. అంటే విద్యార్థి కొలవడం మరిచిన వ్యాసార్థాన్ని గ్రాఫే కొలిచి చేతిలో పెట్టింది! ఈ ఒక్క పరిశీలన రాసిన నివేదిక, మచ్చలేని 9.80 చూపించిన నివేదిక కన్నా ఎన్నో రెట్లు మేలు.

సార్లు పెంచితే క్రమ దోషం తగ్గదన్న సంగతికి చరిత్రలో పెద్ద ఉదాహరణే ఉంది. అమెరికా భౌతికశాస్త్రవేత్త మిల్లికాన్ 1913లో ప్రకటించిన ఎలక్ట్రాన్ ఆవేశం ఇప్పటి విలువ కన్నా సుమారు 0.6 శాతం తక్కువ. నూనె బిందువులను ఎంతో ఓపికగా కొలిచారు, కానీ లెక్కలో వాడిన గాలి స్నిగ్ధత (జిగట) విలువే కొంచెం తక్కువ. ఇంకెన్ని బిందువులు కొలిచినా ఆ లోటు తీరేది కాదు.

లోలకాన్ని పక్కన పెట్టి తీగ నిరోధం ప్రయోగాన్ని ఒకసారి చూస్తే, ఏ కొలత మీద శ్రమ పెట్టాలో ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. 0.37 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న నైక్రోమ్ తీగ నిరోధం మీటరుకు సుమారు 10 ఓమ్‌లు. పిల్లలు వోల్ట్‌మీటర్ మీద మూడో దశాంశం కోసం ఆరాటపడతారు. అసలు గండం తీగ వ్యాసం కొలిచే స్క్రూ గేజ్ దగ్గరుంది. దాని కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు, అంటే 0.37 మీద 2.7 శాతం. వైశాల్యంలో వ్యాసం వర్గం ఉంటుంది కాబట్టి 5.4 శాతం. నిరోధాన్ని వైశాల్యంతో గుణించి పొడవుతో భాగిస్తే వచ్చే విశిష్ట నిరోధంలోని అనిశ్చితిలో సింహభాగం ఇదే. అందుకే తీగ పొడవునా ఆరు చోట్ల, ప్రతిచోటా ఒకదానికొకటి లంబంగా ఉండే రెండు దిశల్లో వ్యాసం చూడాలి. గేజ్‌ను ఖాళీగా మూసి శూన్యాంశ దోషం ముందే రాసుకోవాలి. మూసినప్పుడు 0.03 చూపిస్తుంటే, 0.40 చూపించిన తీగ నిజంగా 0.37. అది తీసేయకపోతే వైశాల్యం 17 శాతం పెరిగిపోతుంది. ఈ గండం తెలియక చాలామంది తమ తప్పును ‘తీగ స్వచ్ఛంగా లేదు’ అంటూ తీగ మీదికి నెట్టేస్తారు.

అదే ప్రయోగంలో క్లిప్పు తగిలేచోట కొంత నిరోధం ఉంటుంది. నిరోధం, పొడవు గ్రాఫులో రేఖ నిలువు అక్షాన్ని సున్నాకు పైన ఖండిస్తే ఆ ఎత్తే స్పర్శ నిరోధం. వాలులోకి అది రాదు. కరెంటును అర ఆంపియర్ లోపే ఉంచి, రీడింగు చూసేంతసేపే స్విచ్ వేయాలి. రాగి తీగ అయితే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. రాగి నిరోధం ప్రతి డిగ్రీకీ సుమారు 0.4 శాతం పెరుగుతుంది, 20 డిగ్రీలు వేడెక్కితే 8 శాతం.

రాత సంగతి. మన నివేదికల్లో ‘గుండును పక్కకు లాగి వదలవలెను, కాలమును గుర్తించవలెను’ అన్న వాక్యాలు ఇంకా రాజ్యమేలుతున్నాయి. అవి ప్రయోగశాల పుస్తకం ఆజ్ఞలు. నివేదిక జరిగినదాన్ని చెప్పాలి: ‘గుండును 14 సెంటీమీటర్లు పక్కకు లాగి వదిలాం. మూడో ఊపు నుంచి లెక్కపెట్టాం’. ‘వలెను’ను ‘ఆం’గా మార్చగానే అంకెలు రాయక తప్పదు, చేయని పని రాయడానికి చెయ్యి ఆడదు. ఆ పేజీ చదివి, పరిచయం లేని మరో విద్యార్థి అదే ప్రయోగం తిరిగి చేయగలగాలి. అంతకన్నా పెద్ద పరీక్ష అక్కర్లేదు. ఉపోద్ఘాతంలో న్యూటన్ జీవిత చరిత్ర రెండు పేజీలు అనవసరం. వాడిన సూత్రం, అది ఏ షరతుల్లో పనిచేస్తుంది, పిల్లవాడు ఏమి ఊహించాడు, ఎందుకు? అరపేజీ చాలు.

ఇక అందరూ చేతులెత్తేసే చోటు, చివరి పేజీలోని దోషాల చర్చ. ‘మానవ తప్పిదాలు, గాలి నిరోధం వల్ల స్వల్ప తేడా వచ్చింది.’ ఈ వాక్యం ఎన్ని నివేదికల్లో ఉందో లెక్కేలేదు, దానికి ఒక్క మార్కు కూడా దండగ. ప్రతి దోషానికీ రెండు చెప్పాలి: అది విలువను ఏ వైపుకు నెడుతుంది, ఎంత నెడుతుంది. గాలి సంగతే చూడండి. ఉక్కు సాంద్రత గాలి సాంద్రతకు ఆరువేల రెట్లకు పైమాటే, కాబట్టి గాలి ఉత్ప్లవన బలం (గుండును పైకి తోసే బలం) గుండు బరువులో 0.02 శాతం కూడా ఉండదు. గాలి ఊపును క్రమంగా తగ్గిస్తుంది గానీ డోలన కాలాన్ని మన స్టాప్‌వాచ్ పసిగట్టేంతగా మార్చదు. 9.4 వచ్చినందుకు పాపం గాలిని తిట్టి లాభం లేదు. గుండుకు బదులు 2.7 గ్రాముల టేబుల్ టెన్నిస్ బంతి కట్టి ఉంటే మాత్రం మాట వేరు. అది తోసేసే గాలి బరువే బంతి బరువులో 1.5 శాతం.

కోణం దోషానికీ అంతే. 80 సెంటీమీటర్ల లోలకానికి 10 డిగ్రీల వల్ల 20 డోలనాల్లో పెరిగేది 0.07 సెకన్లు, అది మన 0.11లో కలిసిపోతుంది. 30 డిగ్రీలైతే 0.6 సెకన్లు, అది కచ్చితంగా కనిపిస్తుంది. ఇలా ఒక్కో అనుమానాన్నీ తన అనిశ్చితితో తూకం వేసి, ‘ఇది లెక్కలోకి రాదు, ఇది వస్తుంది’ అని తేల్చిన విద్యార్థికి చర్చ రాయడం వచ్చినట్టే. మెరుగుదలల్లోనూ ‘మంచి పరికరాలు వాడాలి’ అనకూడదు. ‘20కి బదులు 50 డోలనాలు కొలిస్తే కాలం వంతు 0.61 నుంచి 0.25 శాతానికి తగ్గుతుంది’ అనాలి.

చురుకైన పిల్లలకు ఇంకో ప్రశ్న ఇవ్వవచ్చు. ‘డోలన కాలం కంపన పరిమితి మీద ఆధారపడదు’ అని పుస్తకం చెప్పింది. అది ఎంతవరకు నిజం? 80 సెంటీమీటర్ల లోలకాన్ని 10, 20, 30, 40, 50, 60 డిగ్రీల నుంచి వదిలి అయిదేసి డోలనాలు మాత్రమే కొలవాలి, ఎక్కువ కొలిస్తే కోణం పడిపోతుంది. చిన్న కోణాల్లో అయిదు డోలనాలకు 8.97 సెకన్లు పట్టేది 60 డిగ్రీల దగ్గర 9.6 సెకన్ల దాకా వస్తుంది. ఈ తేడా చిన్నదే, అయినా ఒక్కో కోణానికి పదిసార్లు కొలిస్తే స్పష్టంగా పట్టుబడుతుంది. సమాధానం వెనక పేజీలో ఉండదు కాబట్టి వెనక నుంచి లెక్క కట్టే అవకాశమూ తక్కువ.

1672లో ఫ్రెంచి ఖగోళవేత్త జాన్ రిషే దక్షిణ అమెరికాలో, భూమధ్యరేఖకు దగ్గరలో ఉన్న కయెన్‌కు వెళ్లాడు. పారిస్‌లో సరిగ్గా సెకన్లు కొట్టిన లోలకం అక్కడ నెమ్మదించింది. సరిపోవాలంటే దాన్ని సుమారు 2.8 మిల్లీమీటర్లు కురచ చేయాల్సి వచ్చింది. మీటరుకు మూడు మిల్లీమీటర్లు కూడా కాని తేడా! పారిస్ విలువే సరైనదని సర్దేసుకోకుండా ఆయన నెలల తరబడి మళ్లీ మళ్లీ కొలిచి, ఉన్నదున్నట్టు రాశాడు. భూమి ధ్రువాల దగ్గర నొక్కుకుని ఉందన్న వాదానికి న్యూటన్ 1687లో ఈ కొలతనూ వాడుకున్నాడు. గురుత్వ త్వరణం భూమధ్యరేఖ దగ్గర 9.78, ధ్రువాల దగ్గర 9.83 అని ఇప్పుడు మనకు తెలుసు. కాబట్టి 9.8 కూడా ఎక్కడైనా ఒకేలా ఉండే అంకె కాదు.

దిద్దేవాళ్లకూ ఒక మాట. 9.81 వచ్చిన పట్టికకు పదికి పది, 9.4 వచ్చి కారణం వెతికిన పట్టికకు ఆరు వేస్తే, మరుసటి ఏడు తరగతి మొత్తానికీ 9.81 వస్తుంది. పిల్లలు మనం దేనికి మార్కులేస్తామో అదే తయారుచేస్తారు. 9.4 ± 0.1 రాసి, ‘పుస్తకం విలువ మా అనిశ్చితి పరిధి బయట ఉంది, కాబట్టి క్రమ దోషం ఉండి ఉండాలి, బహుశా పొడవులో’ అని తేల్చినవాడికి పూర్తి మార్కులు వేయడానికి చెయ్యి వెనకాడకూడదు.

చివరగా మీకో విన్నపం. మీ విద్యార్థి పేజీలో నమూనా నివేదికలు అచ్చు వేసినప్పుడు తుది విలువ, గీసిన బొమ్మ మాత్రమే ఇస్తున్నారు. వాటితో పాటు ముడి పట్టికనూ ఇవ్వండి, మూడేసి రీడింగులతో, ఒక గీతతో కొట్టేసిన రీడింగుతో, దాని పక్కన రాసుకున్న కారణంతో సహా. స్థలం చాలకపోతే బొమ్మ తీసేయండి.

ఇట్లు,
భౌతికశాస్త్రం బోధిస్తూ, నివేదికలు దిద్దే కొందరు ఉపాధ్యాయులు